ఆ దీవి నుంచి ఈ దీవికి

1963. అమెరికా తూర్పు తీరం, వర్జీనియా రాష్ట్రం కొసన వాలప్స్ దీవి. కంట్రోల్ రూములో లౌడ్‌స్పీకర్ నిమిషాలు వెనక్కి లెక్కపెడుతోంది. ఉన్నట్టుండి లెక్క ఆగింది.

హోల్డ్.

పైన గాలి తిరిగింది. లాంచర్‌ను ఎటు ఎంత వంచాలో మళ్లీ లెక్కగట్టాలి. గదిలో ఎవరూ కంగారు పడలేదు. ఎవరూ ఎవరినీ కసరలేదు. ఒకరు ఇంకో బెలూన్ వదలడానికి బయటికి నడిచారు. ఇంకొకరు కాఫీ కప్పు అందుకున్నారు. మరొకరు కౌంట్‌డౌన్ కాగితంలో లెక్క ఆగిన గడి దగ్గర పెన్సిల్‌తో టైము రాసుకున్నారు. వెనకాల కూర్చుని ఇదంతా గమనిస్తున్న పాతికేళ్ల మద్రాసు ఇంజనీరుకి చిత్రంగా అనిపించి ఉంటుంది. కోట్లు పెట్టి కట్టిన రాకెట్ ప్రయోగ రేంజ్, సిద్ధంగా నిలబెట్టిన రాకెట్. ఇంత సరంజామా కాస్త గాలి మారగానే నోరెత్తకుండా ఆగిపోతోంది.

ఫలానా తారీఖున సరిగ్గా ఇలాగే జరిగిందని చెప్పడం లేదు. వాలప్స్‌లో ప్రయోగాలు నడిచే పద్ధతి ఇది. అక్కడికి శిక్షణకు వెళ్లిన మనవాళ్లు చూసింది, నేర్చింది ఈ పద్ధతినే.

ఆ ఇంజనీరు పేరు రామభద్రన్ అరవాముదన్. మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎలక్ట్రానిక్స్ చదివి, బొంబాయిలోని ట్రాంబేలో అణుశక్తి శాఖ ఉద్యోగంలో చేరారు. సర్కారు కొలువు, పెద్ద ఊరు, నెల తిరిగేసరికి జీతం. అలాంటి సమయంలో అహ్మదాబాద్ నుంచి శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్ మనుషుల కోసం వెతుకుతున్నారని తెలిసింది. కొన్నాళ్లు అమెరికాలో నాసా దగ్గర పని నేర్చుకోవాలి. తిరిగొచ్చాక కేరళలో తుంబా అనే జాలరి పల్లెలో రాకెట్లు ఎగరేయాలి. మొదటి సగం విన్న ఏ కుర్రాడికైనా నోరూరుతుంది. రెండో సగం వినగానే ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లు ఒకటే అంటారు: "ఉన్న ఉద్యోగం వదులుకుని ఆ ఇసకలో ఏం చేస్తావురా?" తుంబాలో అప్పటికి ఉన్నదల్లా కొబ్బరిచెట్లు, చేపల వలలు, సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చి. అరవాముదన్ ఒప్పుకున్నారు.

అదే మద్రాసు కాలేజీలో ఏరోనాటిక్స్ చదివిన ఇంకొకాయన బెంగళూరులో రక్షణ శాఖ కోసం 'నంది' అనే హోవర్‌క్రాఫ్ట్ తయారుచేసి, ఆ ప్రాజెక్టు మూలన పడడంతో ఉసూరుమంటున్నారు. ఆయన్నీ సారాభాయే ఎంపిక చేశారు. ఆయన ఏపీజే అబ్దుల్ కలాం. ఈ ఇద్దరితోపాటు మరికొందరు కుర్ర ఇంజనీర్లు. ఎవరూ అంతకుముందు రాకెట్ ఎగరేసినవాళ్లు కారు.

తుంబానే ఎందుకంటే, భూమి అయస్కాంత మధ్యరేఖ ఆ ఊరి దగ్గర్నుంచి పోతుంది. అక్కడ నూట పది కిలోమీటర్ల ఎత్తున తూర్పు పడమరలుగా ఒక విద్యుత్ ప్రవాహం ఉంటుంది. బెలూన్లు అంత ఎత్తుకు పోలేవు, ఉపగ్రహాలు అంత కిందికి దిగలేవు. దాన్ని దగ్గరగా చూడాలంటే సౌండింగ్ రాకెట్ ఒక్కటే దారి. ప్రపంచ శాస్త్రవేత్తలకు ఆ చోటు కావాలి, మనకు రాకెట్ కావాలి. బేరం కుదిరింది. నాసా రాకెట్లు ఇచ్చింది, రాడార్, రాకెట్ పంపే కొలతలను అందుకునే టెలిమెట్రీ పరికరాలు అరువిచ్చింది, మనుషులకు శిక్షణ ఇస్తానంది. ఫ్రాన్స్ సోడియం ఆవిరి పేలోడ్ ఇచ్చింది. అయితే ఆ శిక్షణకు ఒక హద్దు ఉంది. రాకెట్‌ను ఎలా పంపాలో నేర్పుతారు, ఎలా తయారుచేయాలో నేర్పరు.

ఈ హద్దు గురించి విన్నవాళ్లు సాధారణంగా అయ్యో అంటారు, అసలు సరుకు దాచుకుని పైపై పని నేర్పారు కదా అని. నాకలా అనిపించదు. ఎందుకో చెప్పాలంటే ఆ పైపై పని ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి.

నాసా ఇచ్చిన నైక్-అపాచీ రెండంచెల రాకెట్. కింది అంచె నైక్, విమానాలను కూల్చడానికి సైన్యం వాడిన క్షిపణి బూస్టరు. మొత్తం బరువు ఇంచుమించు ఏడొందల కిలోలు. దారి తప్పితే సరిదిద్దుకునే యంత్రాంగం దాని లోపల ఏదీ లేదు. రెక్కలుంటాయి, అంతే. వదిలాక ఇక మన చేతిలో ఏమీ ఉండదు కాబట్టి చూసుకోవలసిందంతా వదలకముందే చూసుకోవాలి. బెలూన్లు ఎగరేసి ఏ ఎత్తున గాలి ఎటు, ఎంత జోరుగా వీస్తోందో కొలుస్తారు. ఆ గాలి రాకెట్‌ను ఎంత పక్కకు తోస్తుందో లెక్కవేసి, అంతకు సరిపడా లాంచర్‌ను ముందే వంచి పెడతారు. నేలకు దగ్గరగా వీచే గాలితోనే పెద్ద పేచీ, అప్పటికి రాకెట్ ఇంకా వేగం అందుకోదు గనక. ఈలోగా సముద్రంలో పడవలు లేవని ఖాయం చేసుకోవాలి. ఇగ్నైటర్ తీగలు కలిపేది అన్నిటికన్నా ఆఖర్న. అప్పటికి ప్యాడ్ దగ్గర ఒకరిద్దరు తప్ప ఎవరూ ఉండకూడదు.

నిప్పంటుకున్నాక నైక్ మూడు నాలుగు సెకన్లలో కాలిపోతుంది. ఖాళీ అంచె జారిపోయి, కాసేపు ఊరికే పైకి సాగి, ఇరవయ్యో సెకను దగ్గర్లో అపాచీ అంటుకుంటుంది. రాడార్ దగ్గర కూర్చున్నవాడు ఆ మొదటి సెకన్లలోనే రాకెట్‌ను పట్టుకోవాలి. చేజారిందంటే ఇక దొరకదు. మొత్తం ప్రయాణం కొన్ని నిమిషాలు. దానికోసం రోజుల తరబడి తయారీ. ఎవరు, ఎప్పుడు, ఏ స్విచ్ వేయాలి, వేశాక ఎవరికి చెప్పాలి, విన్నవాళ్లు ఏమని బదులివ్వాలి, ఇదంతా వరసగా కాగితం మీద ఉంటుంది. ఆ కాగితం ముందు డైరెక్టరూ లేడు, కొత్తగా చేరిన టెక్నీషియనూ లేడు. ఎవరు ఆపమన్నా ఆగాల్సిందే.

అరవాముదన్ రాడార్, టెలిమెట్రీ నేర్చుకున్నారు. కలాం నాసా లాంగ్లీ కేంద్రంలో మొదలుపెట్టి, వాషింగ్టన్ పక్కన గొడార్డ్ కేంద్రం చూసుకుని వాలప్స్ చేరారు. బస బ్యారక్‌లలో. భోజనం సంగతి చెప్పక్కర్లేదు. కాఫెటీరియాలో శాకాహారి పళ్లెంలోకి వచ్చేవి బంగాళాదుంప ముద్ద, ఉడకబెట్టిన బీన్స్, బఠానీలు, రొట్టె, పాలు. ఈ రోజు డల్లాస్‌లో దిగిన మన పిల్లలకు మొదటి రాత్రే గోంగూర దొరుకుతోంది. వాళ్లకు ఆ కష్టం ఎంత చెప్పినా ఎక్కదు.

వాలప్స్ మాట వస్తే అందరూ తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. అక్కడి రిసెప్షన్ హాల్లో కలాం ఒక వర్ణచిత్రం చూశారు. యుద్ధరంగం, వెనక ఎగురుతున్న రాకెట్లు, వాటిని వదులుతున్న నల్లటి చర్మం సైనికులు. దగ్గరికెళ్లి చూస్తే వాళ్లు టిప్పు సుల్తాన్ మనుషులు, బ్రిటిష్ వాళ్లతో పోరాడుతున్నారు. సొంత దేశంలో మరిచిపోయిన ఘనతను భూగోళానికి అవతలి వైపున గోడకు తగిలించి గౌరవిస్తున్నారని ఆయన పొంగిపోయారు. మంచి కథ. పాఠ్యపుస్తకాలకెక్కింది, ఉపన్యాసాలకెక్కింది. కానీ ఆ ఆర్నెల్ల శిక్షణ నుంచి మన దేశానికి నిజంగా దక్కింది ఏమిటని నన్నడిగితే, నేను ఆ బొమ్మ జోలికి వెళ్లకుండా కౌంట్‌డౌన్ కాగితాన్ని చూపిస్తాను. కాగితం ఫొటోకి పనికిరాదు గనక దాని కథ ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతీ ఎవరూ చెప్పరు. వాలప్స్‌కు మనకన్నా ముందు పాకిస్థాన్ వాళ్లు వెళ్లారు. ఆ దేశపు అంతరిక్ష సంస్థ సుపార్కో 1961లో పుట్టింది. వాళ్ల ఇంజనీర్లు ఇదే దీవిలో ఇదే పని నేర్చుకుని, కరాచీకి దగ్గర్లోని సోన్మియానీ నుంచి 1962 జూన్ 7న రెహ్‌బర్-1 అనే రాకెట్ ఎగరేశారు. అది నైక్-కేజన్, మన అపాచీకి దాయాది. అంటే ఈ పరుగులో వాళ్లు మనకన్నా ఏడాదిన్నర ముందున్నారు. గురువులు వాళ్లే, రాకెట్లూ ఆ కోవవే. తరువాత ఏమైంది? పాకిస్థాన్ తొలి ఉపగ్రహం బద్ర్-1 కక్ష్యలోకి వెళ్లింది 1990లో, అదీ చైనా రాకెట్ మీద. మనం 1980లోనే మన సొంత రాకెట్ మీద ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టాం. తెలివిలో తేడా ఉందనుకోవడం తప్పు. ఆర్నెల్లు విదేశంలో నేర్చుకొచ్చినవాడికి వచ్చిన మర్నాడు చేతినిండా పని దొరకాలి, ఆ పైన ముప్ఫై ఏళ్లపాటు దొరుకుతూనే ఉండాలి. సారాభాయ్ చేసింది అదే. శిక్షణకు పంపేముందే తుంబాలో ఇసక మీద వాళ్ల కుర్చీలు వేసి ఉంచారు.

1963 నవంబరు 21. తుంబా.

చర్చిలో రాకెట్ కూర్పు పూర్తయింది. బిషప్ ఉండే ఇల్లు ఇప్పుడు ఆఫీసు. కలాంకి రాకెట్ కూర్పు, భద్రత. సహచర ఇంజనీరు ఈశ్వరదాస్‌కి రాకెట్‌ను ప్యాడ్ మీద సిద్ధం చేసే పని. అరవాముదన్‌కి రాడార్, టెలిమెట్రీ. చర్చి నుంచి లాంచ్‌ప్యాడ్‌కు రాకెట్‌ను చేర్చడానికి ఉన్నవి ఒక ట్రక్కు, చేత్తో తిప్పే హైడ్రాలిక్ క్రేన్ ఒకటి. ట్రక్కులోంచి ఎత్తి లాంచర్ మీద పెడుతుండగా రాకెట్ ఒరగడం మొదలైంది. క్రేన్‌లో నూనె కారిపోతోంది.

సూర్యాస్తమయం ఆగదు. సోడియం ఆవిరి ప్రయోగానికి కింద చీకటి పడాలి, పైన ఇంకా ఎండ ఉండాలి. అప్పుడే ఆ మేఘం నారింజ రంగులో మెరుస్తుంది, కింద కెమెరాలకు చిక్కుతుంది. ఆ సందెవేళ దాటిందంటే ఆ రోజుకి సరి. క్రేన్ బాగుచేసే వ్యవధి లేదు. అందరూ కలిసి చేతులేశారు, భుజాలు కలిపారు, రాకెట్‌ను లాంచర్ మీదికి ఎక్కించారు. వాలప్స్ కాగితాల్లో ఇందుకు గడి లేదు. ఇది తుంబా సొంత విద్య.

సాయంత్రం 6 గంటల 25 నిమిషాలకు రాకెట్ లేచింది. కాసేపటికి పడమటి ఆకాశంలో నారింజ రంగు మేఘం విచ్చుకుంది. ఊళ్లకు ఊళ్లు బయటికొచ్చి తలెత్తి చూశాయి. మర్నాడు జరిగిన కెనెడీ హత్యతో ప్రపంచ పత్రికల మొదటి పేజీలు నిండిపోయాయి. మన జాలరి పల్లె రాకెట్‌కు దక్కాల్సిన జాగా పోయింది.

తుంబాకు ఒక ఇబ్బంది ఉంది. అది పడమటి తీరం. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టాలంటే రాకెట్‌ను తూర్పుకు వదలాలి, భూమి తిరిగే వేగం కలిసొస్తుంది. తుంబా నుంచి తూర్పుకు వదిలితే కింద ఊళ్లు, జనం. కాలిన అంచెలు ఎవరి ఇంటి మీద పడతాయో? తూర్పు తీరం కావాలి, ఎదురుగా ఏ అడ్డూ లేని సముద్రం కావాలి, జనం పల్చగా ఉండాలి. 1969లో నెల్లూరు జిల్లాలో ఆ చోటు తేలింది. అటు పులికాట్ సరస్సు, ఇటు బంగాళాఖాతం, మధ్యన సన్నగా సాగిన ఇసక దీవి. సరుగుడు తోపులు, తరతరాలుగా యానాదులు బతికిన అడవి. శ్రీహరికోట. ఇప్పుడది తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

మ్యాపులో వాలప్స్‌ను, శ్రీహరికోటను పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ తూర్పు తీరాలే. రెండూ ప్రధాన భూమికి, సముద్రానికి నడుమ అడ్డుకట్టల్లా పడుకున్న దీవులు. అక్కడ దీవికీ ఒడ్డుకీ మధ్య ఉప్పు బురద నేలలు, ఇక్కడ పులికాట్ ఉప్పునీరు. రెండు చోట్లా నీటి మీదుగా వేసిన రోడ్డు తప్ప దారి లేదు. వాలప్స్ పక్కనున్న దీవుల్లో పక్షుల అభయారణ్యం, తిరుగాడే అడవి గుర్రాలు. ఇక్కడ రాజహంసలు, అడవిలో మంద తప్పి పెరిగిన పశువులు. ఒకదాన్ని చూసి ఇంకొకటి ఎంపిక చేశారని అనలేను. రాకెట్ అడిగే నేల ఎక్కడైనా ఒకేలా ఉంటుంది.

1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ లేచింది, చిన్న రోహిణి. అప్పటినుంచి ఒడ్డున ఉన్న సూళ్లూరుపేట జనం నోట ఆ శ్రీహరికోట రేంజ్ 'షార్' అయింది. బస్టాండు దగ్గర ఇవాళ్టికీ వినిపించే ప్రశ్న: "ఏందన్నా, షార్‌లో ఎన్ని గంటలకంట?" ప్రయోగం ఉన్న రోజున సముద్రంలోకి వెళ్లవద్దని జాలర్లకు ముందే కబురు పోతుంది. వాలప్స్‌లో నేర్చిన జాగ్రత్తల్లో ఇదొకటి.

1979 ఆగస్టు 10. ఎస్‌ఎల్‌వీ-3 ఉపగ్రహ వాహక రాకెట్ తొలి ప్రయోగం. మిషన్ డైరెక్టరు కలాం. కౌంట్‌డౌన్ ఆఖరి నిమిషాల్లో కంప్యూటర్ అడ్డం పడింది. ప్రయోగించవద్దు, హోల్డ్. కంట్రోల్ సిస్టంలో లీకు ఉంది. వెనక కూర్చున్న నిపుణులు లెక్క చూసి, కారినది పోగా మిగిలింది చాలన్నారు. కలాం కంప్యూటర్‌ను పక్కన పెట్టి వదలమన్నారు. మొదటి అంచె బాగా పనిచేసింది. రెండో అంచె అదుపు తప్పింది. రాకెట్ బంగాళాఖాతంలో పడింది. తరవాత తేలిన కారణం రెండో అంచె నియంత్రణ వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లం కారిపోవడం.

ఈ కథ కలాం స్వయంగా ఎన్నో సభల్లో చెప్పారు. పత్రికల ముందుకు ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ వచ్చి వైఫల్యాన్ని తన మీద వేసుకున్నారనీ, ఏడాది తిరక్కుండానే 1980 జులై 18న విజయం వచ్చినప్పుడు మాత్రం కలాంనే ముందుకు తోశారనీ చెప్పి ఆపేవారు. విన్నవాళ్లు ధవన్ పెద్దమనసుకు చప్పట్లు కొడతారు, కొట్టాల్సిందే. నాకు మాత్రం ఆ కథలో గుచ్చుకునేది ఆ ముందు ఘట్టం. వాలప్స్‌లో నేర్చుకున్నవాళ్లందరిలో భద్రత విభాగం చూసినవాడు ఆయన. హోల్డ్ అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా ఆ రోజు ఆ గదిలో దేశమంతా తలుపు దగ్గర నిలబడి చూస్తున్నట్టు ఉంటే, ఆగడం ఆయనకూ చేతకాలేదు. శిక్షణ ఎంత లోతుగా దిగినా ఒత్తిడి అంతకన్నా లోతుకు పోగలదు. దాన్ని ఆయన దాచిపెట్టకుండా పదేపదే చెప్పడం నాకు టిప్పు బొమ్మ కథకన్నా గొప్పగా తోస్తుంది.

అరవాముదన్ పేరు ఇంత ప్రచారానికి నోచుకోలేదు. రాకెట్ కట్టినవాడి పేరు నిలుస్తుంది, రాకెట్‌ను కనిపెట్టుకుని కూర్చున్నవాడి పేరు నిలవదు. తుంబాలో రాడార్ల దగ్గర మొదలుపెట్టి, తిరువనంతపురంలో పై మెట్లెక్కి, 1989లో ఆయన షార్ డైరెక్టరుగా శ్రీహరికోట వచ్చారు. దిగేసరికి అక్కడి వాతావరణం బాగాలేదు. 1987 మార్చిలో ఏఎస్‌ఎల్‌వీ రాకెట్ పడిపోయింది, 1988 జులైలో మళ్లీ పడిపోయింది. 1992 మే 20న మూడోసారి ప్రయత్నంలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

1993 సెప్టెంబరు 20. పీఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం. నలభై నాలుగు మీటర్ల ఎత్తు, మూడొందల టన్నులకు దగ్గరగా బరువు. వాలప్స్‌లో ఆయన చూసిన అపాచీలు నాలుగు వందలు కలిపితే దీని బరువు. రాకెట్ లేచింది, తొలి అంచెలు అనుకున్నట్టే నడిచాయి. రెండో అంచె విడిపోయే దగ్గర తొణికింది. ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు. కంట్రోల్ సెంటర్‌లో ముఖాలు వాడిపోయాయి.

అయితే అప్పటివరకూ పై నుంచి వచ్చిన టెలిమెట్రీ అంతా కింద భద్రంగా నమోదైంది. రాడార్లు చివరిదాకా వదల్లేదు. ఆ అంకెల వరస పట్టుకుని వెనక్కి నడుస్తూ పోతే, ఆన్‌బోర్డు కంప్యూటర్ ప్రోగ్రాములో దొర్లిన తప్పు దొరికింది. రాకెట్ తప్పింది, రేంజ్ పాసయింది. రేంజ్ కూడా తప్పి ఉంటే ఆ పొరపాటు ఎక్కడుందో వెతకడానికి ఏళ్లు పట్టేది. ఏడాది గడవగానే 1994 అక్టోబరు 15న పీఎస్‌ఎల్‌వీ గెలిచింది, ఆ తరవాత దాని చరిత్ర మనందరికీ తెలిసిందే. అమెరికా వాళ్లు దాచుకున్నారనుకున్న రాకెట్ విద్యను మనవాళ్లు కిందా మీదా పడి సొంతంగా కూడగట్టుకున్నారు. వాళ్లు దాచకుండా నేర్పిన పని మాత్రం ఇలా పడిపోయిన ప్రతిసారీ ఆదుకుంది.

ఇప్పుడు మన ఇళ్లల్లో అమెరికా ఇంటర్న్‌షిప్ మాట వస్తే అడిగేవి రెండే. "స్టైపెండ్ ఎంతరా?" "అక్కడే ఉద్యోగం ఇస్తారంటనా?" తప్పేం లేదు, లక్షలు అప్పు చేసి పంపిన తండ్రి అడక్క ఏం చేస్తాడు? ఏ పని నేర్పుతారని అడిగేవాళ్లు ఎక్కడో గాని తగలరు.

అరవాముదన్ 1994లో బెంగళూరులోని ఇస్రో ఉపగ్రహ కేంద్రానికి డైరెక్టరై, 1997 వరకు అక్కడ ఉన్నారు. భార్య, పాత్రికేయురాలు గీతతో కలిసి ఇస్రో గురించి ఒక పుస్తకం రాశారు. 2021 ఆగస్టులో బెంగళూరులో కన్నుమూశారు.

ఆయన నడిపిన ఆ ఉపగ్రహ కేంద్రంలోనే 2019 జనవరిలో 'ఉన్నతి' అనే శిక్షణ మొదలైంది. పలు దేశాల నుంచి ఇంజనీర్లు వచ్చి రెండు నెలలు ఉండి, చిన్న ఉపగ్రహాలను కూర్చడం, పరీక్షించడం నేర్చుకుని వెళ్లారు. రాకెట్ తయారీ మాత్రం ఆ సిలబస్‌లో లేదు.